ఏ పాస్ కావాలయ్యా నీకు?

"అడిగాడండీ! మొహమ్మీదే అడిగాడు! సిగ్గూ ఎగ్గూ లేకుండా నా కళ్ళల్లోకి చూస్తూ 'పాస్ ఏదీ' అని అడిగాడు!"

తాళాలాయన గుద్దిన గుద్దుకి బల్ల మీద టీ గ్లాసు ఎగిరి కూచుంది. టీ కొట్టావిడ గ్లాసు కేసి చూసింది, బల్ల కేసి చూసింది, ఆ తర్వాత ఆయన కేసి తిరిగి, "గ్లాసు పగిలిందంటే నేనూ అడుగుతాను మేస్త్రీ" అంది.

"ఇంతకీ అడిగిందెవరండీ?" అన్నాడు అంబులెన్సు డ్రైవరు. బండి నీడలో పెట్టుకుని, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ, ఎవరైనా నోరు విప్పితే బావుణ్ణు అని చూస్తున్నాడు.

"ఇంకెవరు! అదుగో, రోడ్డుకి అటుపక్క, ఆస్పత్రి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూచున్నాడే, ఆ మీసాలవాడు! నన్నండీ! ఈ ఊళ్ళో సగం తలుపులు నా చెయ్యి పడితేగానీ తెరుచుకోవు. తుప్పు పట్టిన తాళం, చెవి విరిగిన తాళం, అత్తగారు చెవి దాచేసిన తాళం, ఏదైనా రానీ, చిటికెలో తీసి చేతిలో పెట్టేవాణ్ణి. నన్ను పట్టుకుని, అడ్డంగా ఒక తాడు కట్టి, తాడు వెనకాల దొంగని నిలబెట్టినట్టు నిలబెట్టి పాస్ అడుగుతాడా? ఇంత బతుకూ బతికి ఇంటెనకాల చచ్చి..."

అంతదాకా వచ్చి సామెతని సగంలోనే మింగేశాడు. ఆ మాట ఇవాళ ఆయన నోటి వెంట రాకూడదు. దానికో కారణం ఉంది.

ఆయన అన్నగారు ఆ ఆస్పత్రి మూడో అంతస్తులో ఉన్నాడు. తెల్లారితే గుండెకి ఆపరేషన్. మధ్యాహ్నం వదిన కిందికి దిగి వచ్చి, మంచానికి ఒకటి చొప్పున ఇచ్చే నీలం పాస్‌ని మరిది చేతిలో పెట్టి, "పొద్దున్నించీ మీ అన్నయ్య మిమ్మల్నే అడుగుతున్నారు. నేను ఇంటికెళ్ళి స్నానం చేసి వస్తాను. సాయంత్రం గంట కొట్టారంటే ఇంక కొత్తగా ఎవర్నీ పైకి పంపరు. ఈలోపు వెళ్ళి ఆయన దగ్గర కూచోండి" అని చెప్పి వెళ్ళింది. ఆయన బుద్ధిగా తలూపాడు. కాసేపు ఆగి రోడ్డు దాటాడు. గేటు దాకా వెళ్ళాడు. మీసాలాయన పాస్ అడగలేదు సరికదా, చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న నీలం అట్టముక్కని చూసి, కూచున్నచోటి నుంచే తాడు పైకెత్తి పట్టుకున్నాడు. వంగి దూరితే చాలు. తాళాలాయన వంగలేదు. వంగితే అటుపక్క లిఫ్టు ఉంది, లిఫ్టు ఎక్కితే మూడో అంతస్తు ఉంది, అక్కడ మంచం మీద అన్నయ్య ఉన్నాడు. జీవితమంతా ఖాకీ చొక్కాలో నిటారుగా నిలబడ్డ మనిషి, ఆస్పత్రి గౌనులో, చేతికి సూదితో పడుకుని ఉంటే తను చూడలేడు. చూస్తే ఏడుస్తాడు. ఏడిస్తే అన్నయ్య బెంబేలెత్తిపోతాడు. అందుకని "ఒక్క టీ తాగి వస్తా" అని ఎవరూ అడక్కపోయినా చెప్పి, వెనక్కి వచ్చి ఈ బల్ల మీద కూలబడ్డాడు.

భయపడ్డానని ఒప్పుకునే రకం కాదు కాబట్టి కోపం తెచ్చుకున్నాడు. కోపానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి పాపం ఆ మీసాలాయన దొరికాడు.

అప్పుడే ఒకమ్మాయి ఫ్లాస్కు పట్టుకుని వచ్చి వేడినీళ్ళు అడిగింది. పైన వాళ్ళ నాన్నకి తోడుగా ఉంటున్న అమ్మాయి, రోజూ వచ్చేదే. "ఇప్పుడే గిన్నె పెట్టాను, కూచోమ్మా" అంది టీ కొట్టావిడ. ఆ అమ్మాయి బల్ల చివర కూచుంది. వినేవాళ్ళు ఇద్దరు కాస్తా ముగ్గురయ్యేసరికి తాళాలాయన గొంతు ఇంకాస్త పెరిగింది.

"వాడు పాస్ ఏదీ అన్నాడా? నేనేమన్నా తక్కువ తిన్నానా? చొక్కా చేతులు పైకి మడిచి, 'ఏ పాస్ కావాలయ్యా నీకు?' అన్నా. వాడు 'పాస్ అంటే పాసే' అన్నాడు. దొరికాడండీ! అక్కడ దొరికాడు! 'ఒరే నాయనా, ఇంగ్లీషు వాడి దగ్గర ఒక మాట తెచ్చి నోట్లో వేసుకున్నావు సరే, దానికి ఎన్ని తలకాయలున్నాయో ఎప్పుడైనా చూసుకున్నావా? నేను చూశాన్రా. ఒక్కో తలకాయా నన్ను కాటేసింది. చదువుకునే రోజుల్లో పాస్ అవలేదని ఇంట్లో తన్నారు. బంతాటలో బంతి పాస్ చెయ్యలేదని మా జట్టువాళ్ళు తన్నారు, చేస్తే ఎదుటి జట్టుకి చేశానని మళ్ళీ వాళ్ళే తన్నారు. వీధిలో పోయే అమ్మాయి మీద ఎవడో కామెంట్ పాస్ చేసి పారిపోతే, పక్కన నిలబడ్డ పాపానికి వాళ్ళ మావయ్య వచ్చి నన్ను తన్నాడు. పేకాటలో చేతినిండా మంచి ముక్కలు పెట్టుకుని పాస్ అన్నానని నలుగురూ కలిసి తన్నారు. ఇప్పుడు నువ్వు అడుగుతున్నది వీటిల్లో ఏ పాస్‌రా?' అని అడిగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మీసాలాయన కూడా తన్నాడా?" అంది టీ కొట్టావిడ.

డ్రైవరుకి టీ పొలమారింది. తాళాలాయన ఆవిడ వైపు తిరిగి, "కథ చెప్పేవాడికి వినేవాళ్ళు లోకువ అంటారు గానీ, ఇక్కడ తిరగబడింది" అన్నాడు మండిపడుతూ. "తన్నడం కాదమ్మా. వాడికి మాట పడిపోయింది! పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. చుట్టూ జనం. మందుల కొట్టువాడు కొట్టు వదిలేసి వచ్చాడు. ఎవరో కుర్చీ తెచ్చి దాని మీద నన్ను నిలబెట్టారు, వెనకాల వాళ్ళకి వినపడ్డం లేదని."

"బస్సు పాస్ మర్చిపోయారు మేస్త్రీగారూ" అన్నాడు డ్రైవరు, కొంచెం ఎగదోద్దామని.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. తాళాలాయన మొహం ఎర్రబడింది.

"దాని పేరెత్తకు! అసలు ఈ మాటకీ నాకూ పగ మొదలైందే అక్కడ. మా అన్నయ్యకి కొత్తగా కండక్టరు ఉద్యోగం వచ్చింది. నేను ఇంకా నిక్కర్ల వయసు. మా అన్నయ్య బస్సే కదా అని ఛాతీ విరుచుకుని ఎక్కి కిటికీ పక్కన కూచున్నా. బస్సంతా వరసగా అడుగుతూ వచ్చి, నా దగ్గర ఆగి, చెయ్యి చాపి, 'పాస్' అన్నాడండీ! సొంత తమ్ముణ్ణి! పొద్దున ఇద్దరం ఒక కంచంలో తిన్నాం! 'ఇంట్లో మర్చిపోయానన్నయ్యా, నేనేగా' అన్నా. 'నువ్వని నాకు తెలుసురా, బస్సుకి తెలీదు' అని ఈల ఊది, బస్సాపి, అందరి ముందూ దింపేశాడు. ఇన్నేళ్ళయినా ఆ ఈల నా చెవుల్లో మోగుతూనే ఉంది. ఆనాడు అలా దింపిన మనిషి ఇవాళ ఆ మూడో అంతస్తులో పడుకుని రమ్మంటే పరిగెత్తుకుని పోవాలా నేను? ఎందుకు పోవాలి?"

"మీ అన్నయ్యగారు కండక్టరా అండీ?" అంది బల్ల చివర అమ్మాయి.

"ఆఁ తల్లీ. ఆయన దగ్గర చిల్లర తేడా రాలేదు, మాట తేడా రాలేదు, ఒక్క అబద్ధం ఆడి ఎరగడు. నాకు అన్నీ తేడాలే" అన్నాడు. అనేశాక తనకే అదోలా అనిపించి, వెంటనే అందుకున్నాడు. "అయినా దింపితే దిగానా? దిగాను. దిగి పరిగెత్తాను! అడ్డదోవన పడి, గోడలు దూకి, బస్సు కన్నా ముందు వెళ్ళి తర్వాతి స్టాపులో నిలబడి చెయ్యెత్తా. మా అన్నయ్య మళ్ళీ ఆపాడు, మళ్ళీ పాస్ అన్నాడు, మళ్ళీ దింపాడు. ఆ రోజు ఆఖరి స్టాపు దాకా అన్ని స్టాపుల్లోనూ నేనే ఎక్కాను, నేనే దిగాను. డ్రైవరు ఏడ్చేశాడు."

"డ్రైవర్లు ఏడవరండీ" అన్నాడు అంబులెన్సు డ్రైవరు.

"వాడు ఏడ్చాడు. సరే, గేటు దగ్గరికి రండి. ఈ బస్సు కథంతా విన్నాడా, మీసాలాయన కుర్చీ దిగాడు. మీసం కూడా దిగింది. 'అయ్యా, ఇన్నాళ్ళూ ఏమడుగుతున్నానో తెలీకుండానే అందర్నీ అడుగుతున్నాను, నా కళ్ళు తెరిపించారు' అని ఆ తాడు విప్పేసి, దండలాగా నా మెళ్ళో వేశాడు."

టీ కొట్టావిడ పొయ్యి దగ్గర్నించి తలెత్తి రోడ్డుకి అవతలికి చూసింది. "తాడు అక్కడే ఉంది కదయ్యా?"

"అది కొత్త తాడు."

"ఓహో."

"లోపలికి వెళ్ళాను. లిఫ్టు ఎక్కాను. లిఫ్టు నడిపే అతను పాస్ అన్నాడు. మళ్ళీ! నా ఒళ్ళు మండిపోయింది. 'నాయనా, ఊళ్ళో పెద్దమనుషులు మీటింగులు పెట్టి తీర్మానాలు పాస్ చేస్తారు చూశావా? అందరూ చప్పట్లు కొట్టి, టీలు తాగి, ఇళ్ళకి పోతారు. తీర్మానం మాత్రం ఆ బల్ల మీదే పడుంటుంది. పాస్ అంటే కదలడం అంటారు గానీ, మన దగ్గర పాస్ అయిందంటే అక్కడే ఆగిపోయిందని అర్థం. కాబట్టి నాకు పాస్ ఉంటే నీ లిఫ్టు ఆగిపోతుంది, లేదు కాబట్టి పోనియ్' అన్నా. అతను మూడు సార్లు నాకు దణ్ణం పెట్టి మీట నొక్కాడు."

"అంటే మూడో అంతస్తుకి వెళ్ళారు. మీ అన్నయ్యగార్ని చూశారు" అన్నాడు డ్రైవరు.

తాళాలాయన గ్లాసు ఎత్తి, అందులో టీ లేదని చూసుకుని, దించాడు.

"ఎక్కడ చూడనిచ్చారయ్యా? లిఫ్టు ఆగితే కదా! నా మాటలకి ఆ లిఫ్టే మైమరిచిపోయి, మూడో అంతస్తు దాటేసి సరాసరి పైకి, పెద్దాఫీసరు గది ముందు ఆగింది. తలుపు మూసుంది. లోపల్నించి మూలుగు. ఎవరయ్యా అంటే, ఆస్పత్రికల్లా పెద్ద ఆయన! ఆయన పెట్టిన రూలేగా ఈ పాస్ రూలు? ఒకరోజు ఆయన తన పాస్ ఇంట్లో మర్చిపోయి వచ్చాడట. వచ్చేప్పుడు ఎవరూ చూసుకోలేదు. ఇప్పుడు బయటికి వెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరని, కుటుంబం మొహం చూసి నెలలైంది! భోజనం కిటికీలోంచి బుట్టలో లాక్కుంటున్నాడు. గడ్డం ఇక్కడిదాకా వచ్చింది. తలుపు తాళం కూడా పట్టేసింది. నేను జేబులోంచి చిన్న తీగముక్క తీసి, ఇటు తిప్పి అటు తిప్పి... టక్! ఆయన బయటికొచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చాడు."

"ఈయన కథలో ఏడవని వాళ్ళు లేరు" అంది టీ కొట్టావిడ అమ్మాయితో. "ఈయన తప్ప."

అమ్మాయి నవ్వలేదు. తాళాలాయన చేతుల కేసి చూస్తోంది. ఆ చేతులు ఖాళీ గ్లాసుని బల్ల మీద అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాయి.

డ్రైవరుకి మాత్రం ఉత్సాహం పెరిగింది. "అన్నీ చెప్పారు గానీ మేస్త్రీగారూ, అసలుది వదిలేశారు. మా డ్యూటీలో రోజూ వినేది. మనిషి పోతే కూడా పాస్ అయ్యారనే అంటారు కదండీ ఇంగ్లీషులో. మొన్న ఒక కేసు తీసుకొస్తే, డాక్టరుగారు చూసి..."

"నోర్ముయ్!"

బల్ల కదిలింది. ఈసారి గ్లాసు నిజంగానే కింద పడింది, పగల్లేదు. తాళాలాయన లేచి నిలబడి ఉన్నాడు. ఇందాకటి నుంచీ అరిచిన అరుపులు వేరు, ఈ అరుపు వేరు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఇద్దరు ఆగి చూశారు.

"ఆ అర్థం చెల్లదు! వినపడిందా? ఎవడు రాశాడో, ఎక్కడ రాశాడో నాకనవసరం, మా ఇంట్లో ఆ అర్థం చెల్లదు! మనిషి పోవడమేంటి, పాస్ అవడమేంటి? పరీక్ష రాసినవాడూ పాసే, పోయినవాడూ పాసేనా? బుద్ధుండాలి పెట్టినవాడికి! ఇంకోసారి ఆ మాటెత్తావంటే నీ బండి డోరు నేనే మూస్తా, ఇంక ఏ మేస్త్రీ వచ్చినా తెరుచుకోకుండా మూస్తా!"

"తప్పయిపోయిందండీ" అన్నాడు డ్రైవరు, నిజంగానే బెదిరి. "మామూలుగా అన్నాను."

టీ కొట్టావిడ గ్లాసు తీసి, కడిగి, మళ్ళీ టీ పోసి ఆయన ముందు పెట్టింది. "కూచో మేస్త్రీ. గంట కొట్టే వేళవుతోంది. పైన మీ వాళ్ళున్నారంటున్నావు, తాగి వెళ్ళకూడదూ? మాటలు కోటలు దాటుతున్నాయి గానీ కాలు గడప దాటడం లేదు" అంది. మాట ఎత్తిపొడుపే గానీ గొంతు మెత్తగా ఉంది.

"కొట్టనీ గంట. నాకేం భయమా?" అన్నాడు. కూచున్నాడు. టీ ఒక గుక్క తాగాడు. కాలింది. ఆయన కళ్ళు రోడ్డు దాటి, గేటు దాటి, మూడో అంతస్తు కిటికీల దాకా వెళ్ళాయి. ఏ కిటికీయో తెలీదు. వెంటనే చూపు తిప్పుకుని, తడుముకుంటూ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకా వేగంగా, ఊపిరి తీసుకోకుండా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్దాఫీసరు నన్ను చెయ్యి పట్టుకుని తిన్నగా ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టర్లు రేపటి మా అన్నయ్య ఆపరేషన్‌కి ఇవాళ రిహార్సలు వేసుకుంటున్నారు. బైపాస్ అంటున్నారు. ఆపండి అన్నా! 'మా ఊరి రోడ్డుకి బైపాస్ వేశారు, ఏమైందో తెలుసా? ఊళ్ళో కొట్లన్నీ ఈగలు తోలుకున్నాయి, పాత రోడ్డు అలిగి గోతులు పడిపోయింది. రేపు మా అన్నయ్యకి బైపాస్ వేస్తే ఆయన పాత నరం అలగదా? దానికి ఎవరు సమాధానం చెప్తారు? ముందు పాత నరాన్ని పిలిచి, కూచోబెట్టి, నచ్చజెప్పి, అప్పుడు కొత్తది వెయ్యండి' అన్నా. అందరికన్నా పెద్ద డాక్టరు మూతికి కట్టుకున్న గుడ్డ విప్పేసి, 'ఇన్ని దేశాలు తిరిగి చదివాం, నరం మనసు గురించి ఎవరూ చెప్పలేదు' అన్నాడు. అంతటితో వదిలానా? ఇంకోటి అడిగా. 'ఆపరేషన్ అయ్యాక మర్నాడు పొద్దున్నే వచ్చి, రోగిని మీరు అడిగే మొదటి మాటేంటి?' అని. తలలు దించుకున్నారు. 'గ్యాస్ పాస్ అయిందా' అని అడుగుతారటండీ! పదిమంది ముందు! మా అన్నయ్యని! ముప్పయ్యేళ్ళు బస్సులో నన్ను తప్ప ఒక్కణ్ణి కూడా నువ్వు అని పిలవని మనిషిని పట్టుకుని అది అడుగుతారా? పరువుండక్కర్లా? 'అడగం, అడగం, ఆయన్ని అడగం' అని అందరిచేతా ఒట్టు వేయించుకున్నా."

డ్రైవరు ఇందాకటి బెదురు మర్చిపోయి పగలబడి నవ్వాడు. టీ కొట్టావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నీళ్ళు కాగి మూత ఎగురుతోంది, ఎవరూ చూసుకోలేదు.

"నవ్వండి, నవ్వండి! ఇంకా ఉంది. ఈ సంగతి ఎలా పొక్కిందో పొక్కింది. ఇంగ్లీషు నిఘంటువు వేసేవాళ్ళు ఉంటారే, సముద్రాల అవతల, వాళ్ళకి తెలిసిపోయింది. ఆస్పత్రికి ఫోన్లే ఫోన్లు. 'మా పుస్తకంలో ఆ మాటకి మేమిచ్చిన పేజీలు చాలవట, మీ దగ్గరెవరో తాళాల మేస్త్రీ ఉన్నాడట, ఆయన తిన్న తన్నులన్నీ కలుపుకుంటే ఇంకో పుస్తకం అవుతుందట, ఆయన్ని పంపండి' అని. నేను కదలనన్నా. 'నా అన్న ఇక్కడుండగా నేను ఎక్కడికీ రాను, కావాలంటే మీరే రండి' అన్నా. వాళ్ళకి నేనంటే అంత గౌరవం, ఆగలేకపోయారు. చూస్తుండగానే ఆకాశంలో చప్పుడు. దుమ్ము లేచింది. ఆస్పత్రి దుప్పట్లన్నీ గాలికి ఎగిరిపోయాయి. ఏంటా అని డాబా మీదికి వెళ్ళి చూద్దును కదా... హెలికాప్టర్!"

"ఆగండి బాబాయ్‌గారూ" అంది అమ్మాయి.

ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. అయినా తాళాలాయన చెయ్యి గాల్లో, హెలికాప్టరు రెక్క తిరిగేంత ఎత్తులో ఆగిపోయింది.

"బాబాయా? నేనా?"

"మీ అన్నయ్యగార్ని పెదనాన్నగారూ అని పిలుస్తున్నాను. మా నాన్నది ఆయన పక్క మంచమే. మరి మీరు బాబాయే కదా" అంది. "ఇందాక కండక్టరని చెప్పినప్పుడే అనుకున్నాను. అయినా హెలికాప్టర్ దాకా ఆగాను. అలా ఆగమన్నారు ఆయన."

"ఆయన... అంటే?"

"నేను కిందికి దిగుతుంటే పిలిచి చెప్పారండీ. 'అమ్మాయ్, టీ కొట్టు దగ్గర మా తమ్ముడు ఉంటాడు. గేటువాడు ఆపాడని అరుస్తుంటాడు. అరవనీ. కాసేపటికి ఎవరో పెద్దాఫీసరు వస్తాడు, తర్వాత డాక్టర్లకి పాఠం చెప్తాడు. అంతదాకా ఫర్వాలేదు, వాడికి ఊపిరాడుతోందన్నమాట. ఎప్పుడైతే గాల్లో ఎగిరేది ఏదైనా వచ్చిందో, అప్పుడు వాడికి భయం తలకెక్కిందని అర్థం. చిన్నప్పుడు పన్ను పీకించుకునే రోజున గద్ద మీద ఊరంతా తిరిగొచ్చానన్నాడు. అప్పుడింక ఆగక, చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చెయ్' అన్నారు."

తాళాలాయన గాల్లో ఉన్న చెయ్యి కిందికి దించుకున్నాడు. మొహం కందిపోయింది. పౌరుషం మళ్ళీ పొడుచుకొచ్చింది.

"భయమా? నాకా? చూశారా అండీ, మంచం మీద పడుకుని కూడా నన్ను ఆడిపోసుకుంటున్నాడు! ఆ గేటువాడు ఆపకపోతే నేను ఎప్పుడో..."

"గేటాయన మీకోసం తాడు ఎత్తి పట్టుకున్నాడు బాబాయ్. మీరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఆ ఎత్తిన తాడు కిందనించే నేను బయటికి వచ్చాను."

టీ కొట్టావిడ మొహం పక్కకి తిప్పుకుంది. డ్రైవరు తన బూట్ల కేసి చూసుకున్నాడు. తాళాలాయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. ఇంతసేపూ తన కథలో మీసాలాయనకి పట్టించిన గతే ఇప్పుడు తనకి పట్టింది. చివరికి ఎప్పుడూ ఎవరి ముందూ వాడని చిన్న గొంతుతో, "ఆయన్ని అలా చూడలేనమ్మా" అన్నాడు. "నేను వెళ్తే ఏడుస్తాను. నేను ఏడిస్తే ఆయనకి ధైర్యం పోతుంది."

"ఆయనకి ధైర్యం ఎక్కడుంది పోడానికి?" అంది అమ్మాయి. "రాత్రి నుంచీ నిద్ర లేదు. మా నాన్న అడిగితే చెప్పారు. 'భయంగా ఉందండీ. మా తమ్ముడికి భయమేస్తే కోతలు కోసుకుని గట్టెక్కుతాడు. నాకు కొయ్యడం చేతకాదు. నాకెప్పుడు భయమేసినా వాడే పక్కన కూచుని కోసేవాడు, నేను తిట్టేవాణ్ణి, ఈలోపు భయం పోయేది. వాడు రావాలి' అని. పొద్దున్నించీ మిమ్మల్ని అడుగుతున్నది అందుకండీ."

రోడ్డు అవతల ఎవరో గంట దగ్గరికి నడుస్తున్నారు. తాళాలాయన ఒక్క ఉదుటున లేచాడు. లేచి, రెండడుగులు వేసి, ఆగిపోయి, తల పట్టుకున్నాడు.

"ఈ ముక్క ముందే చెప్పొద్దూ? ఉన్న కథంతా ఇక్కడ ఊరందరికీ పంచిపెట్టేశానే! గేటూ అయిపోయింది, లిఫ్టూ అయిపోయింది, హెలికాప్టర్ వస్తుందని ఆయనకి ముందే తెలుసు. ఇప్పుడు నేను పైకి వెళ్ళి ఆయనకి ఏం చెప్పేది?" అన్నాడు, ఏడుపూ కోపమూ కలిసిపోయిన గొంతుతో.

అమ్మాయి ఆయన మోచెయ్యి పట్టుకుని రోడ్డు వైపు నడిపించింది.

"ఉన్నదున్నట్టు చెప్పండి బాబాయ్. గేటు దగ్గర మిమ్మల్ని ఎవ్వరూ ఏమీ అడగలేదని చెప్పండి" అంది. "అది మాత్రం పెదనాన్నగారు అస్సలు నమ్మరు."